పేరును కాదు, నాదాన్ని విందాం

హాస్టల్లో చదివిన వారెవరికైనా ఈ వాదన గుర్తుండే ఉంటుంది. "ఫిలిప్స్‌ను మించిన సెట్టు లేదు" అని ఒకరు, "సోనీ ముందు అదెంత?" అని మరొకరు. భోజనం గంట మోగేదాకా ఆ పంచాయితీ తెగేది కాదు. విచిత్రమేమిటంటే, అలా వాదించిన మాలో ఎవరి ఇంట్లోనూ ఆ రెండూ లేవు! మరి కంపెనీ పేరు మీద అంత అభిమానం ఎందుకు? యంత్రంలో వినే సంగీతానికీ, ఎదురుగా వినే సంగీతానికీ తేడా ఏమిటి? తెలుసుకుందాం.

ఈ పేరు పిచ్చి కొత్తది కాదు. థామస్ ఆల్వా ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్‌ను కనిపెట్టాడు. ఆయన కంపెనీ 1915 నుండి సుమారు పదేళ్ళపాటు అమెరికా ఊళ్ళలో ప్రదర్శనలు ఏర్పాటు చేసింది. వేదిక మీద గాయని పాడుతుంది, పక్కన యంత్రం అదే పాట వినిపిస్తుంది. మధ్యలో దీపాలు ఆర్పేవారు. మళ్ళీ వెలిగేసరికి గాయని ఉండదు, పాట మాత్రం సాగుతూనే ఉంటుంది! జనం నివ్వెరపోయేవారు. అయితే అలా పాడిన అన్నా కేస్ అనే గాయని వృద్ధాప్యంలో అసలు సంగతి చెప్పారు. తన గొంతునే యంత్రానికి తగినట్టు మార్చి పాడేవారట. అంటే యంత్రం మనిషిని చేరుకోలేదు, మనిషే యంత్రం దగ్గరకు దిగి వచ్చింది.

1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు మరో పరీక్ష చేశారు. అవే స్పీకర్లను ఒకసారి తెర వెనుక ఉంచి, ఒకసారి ఎదురుగా ఉంచి వినిపించి, మార్కులు వేయమన్నారు. కంటికి కనబడగానే మార్కులు మారిపోయాయి. పెద్దవాటికి, ఖరీదైనవాటికి పెరిగాయి. చిన్నదానికి, చౌకదానికి తగ్గాయి. అంటే మనం సగం కళ్ళతోనే వింటున్నామన్నమాట.

ఇక సైన్సు విషయానికి వద్దాం. మన చెవి 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల పౌనఃపున్యం గల ధ్వనులను వినగలదు. మంద్ర ధ్వని రావాలంటే ఎక్కువ గాలి కదలాలి. మూడంగుళాల స్పీకరు అంత గాలిని కదల్చలేదు. కనుక చిన్న సెట్టులో డప్పు మోత తట్టిన రేకు డబ్బాలా వినిపిస్తుంది. పైగా ఎదురుగా వాయిస్తున్నప్పుడు శబ్దం గోడలకు, చెట్లకు తగిలి అన్ని వైపుల నుండీ వస్తుంది. గుండెల మీద కూడా తగులుతుంది. వినేవారి ఉత్సాహాన్ని బట్టి వాయించేవారి దరువు మారుతుంది. ఏ కంపెనీ సెట్టూ మన ముఖం చూసి దరువు మార్చదు కదా!

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. మాలో చాలామంది నాన్నలు, తాతలు డప్పు కొట్టేవారు. ఆ మాట హాస్టల్లో బయట పెట్టేవాళ్ళం కాదు. స్నేహితుడు ఇంటికొస్తున్నాడంటే గోడకున్న డప్పును అటక ఎక్కించినవాళ్ళమూ ఉన్నాం. ఒక వార్షికోత్సవం నాడు కరెంటు పోయి, అద్దెకు తెచ్చిన మైకు సెట్టు మూగబోయింది. కొడుకును చూడడానికి వచ్చిన ఒక తండ్రి, నాటకం కోసం తెచ్చిన డప్పును అందుకుని గడ్డి మంట మీద కాచాడు. తేమకు వదులైన తోలు వేడికి బిగుస్తుంది. బిగువు పెరిగితే పౌనఃపున్యం పెరుగుతుంది. మేము పుస్తకంలో బట్టీ పట్టిన పాఠం ఆయన చేతిలో ఉంది! సిర్ర, చిటికెన పుల్ల ఆడుతుంటే అందరం లేచి అడుగులేశాం. ఆయన కొడుకు మాత్రం కాసేపు తల దించుకుని నిలబడ్డాడు. తర్వాత వాడే అందరికంటే ముందుకు వచ్చి ఆడాడు.

యంత్రాలు చెడ్డవని మేము అనడం లేదు. దూరాన ఉన్న గొంతును మన గదికి తెచ్చేవి అవే. కొనేటప్పుడు మాత్రం పేరు మీద గుడ్డ కప్పండి. మీకు బాగా తెలిసిన పాటనే వేయించండి. రెండు సెట్లనూ ఒకే శబ్దంలో పెట్టించి వినండి, ఎందుకంటే కొంచెం బిగ్గరగా మోగేదే మంచిదని చెవి భ్రమపడుతుంది.

సెలవులకు ఊరెళ్ళినప్పుడు అటక మీది డప్పును దించండి. నాన్నను వాయించమని అడగండి. దాని మీద ఏ కంపెనీ పేరూ ఉండదు. అయినా అది మనదే.