నచ్చినదన్న తరువాత

ఒక పాట విని బాగున్నదనడం సులభం. ఎందుకు బాగున్నదో తోటివానికి నచ్చజెప్పడం కష్టం. ఆ కష్టానికి ఓర్చినప్పుడే అభిరుచి విమర్శగా పరిణమిస్తుంది. యంత్రసాధనాలు సంగీతాన్నీ నాటకాన్నీ ఇంటింటికీ తెచ్చిన ఈ కాలంలో, విన్నదానిని గూర్చి నలుగురితో మాటలాడుకొనే అలవాటు ఏమగుచున్నదో ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఆలోచింపవలసి ఉన్నది.

హైదరాబాదులో ఈ ఆలోచనకు తగిన తావులు ఆబిడ్స్, నాంపల్లి పేటలు. నాంపల్లి స్టేషను రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్ భవనం సరోజినీ నాయుడు నివాసం. కవులూ పండితులూ కూడి ముచ్చటించుకొన్న ఇల్లు. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం పుట్టినది అక్కడనే. దానికి కొద్ది దూరంలోనే చిరాగ్ అలీ గల్లీ. 1930వ దశకం తొలినాళ్లలో మహబూబ్ అలీ అనే తపాలా శాఖ ఉద్యోగి ఆ గల్లీలో చిన్న రేడియో కేంద్రాన్ని నెలకొల్పినాడు. 1935లో దానిని నిజాం ప్రభుత్వం చేపట్టినది. దక్కన్ రేడియోగా పేరొందిన ఆ సంస్థ 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. రేడియో పెట్టె అందరికీ అందని ఆ రోజులలో ఒక ఇంటి పాటకు ఇరుగుపొరుగు ఇళ్లవారంతా శ్రోతలు. పాట ముగియగానే చర్చ మొదలయ్యేది.

ఆ చర్చకు గ్రామఫోను రికార్డు మరొక మేలు చేసినది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని ముద్రించిన నాటి నుండి, గాలిలో కలసిపోయే పాట నిలువ ఉండే వస్తువైనది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పలకపై ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. కాని ఆ మూడు నిమిషాలనే పదిసార్లు వినవచ్చును. జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపం' పద్యాలను ఘంటసాల గానం చేసిన రికార్డునే తీసికొనుడు. రాగాలాపన పద్యభావాన్ని పెంచినదా, కప్పివేసినదా అని ఇద్దరు వాదులాడుకొన్నారనుకొందాం. కచేరీలో ఐతే ఆ వాదం జ్ఞాపకశక్తుల పోటీగా ముగుస్తుంది. రికార్డు ఉన్నచోట ముల్లు వెనుకకు పెట్టి, ఏ మాట వద్ద, ఏ విరుపు వద్ద అని అడుగవచ్చును. వాదానికి సాక్ష్యం దొరికినదన్నమాట.

టెలివిజను ధారావాహికలకు ఇంకొక సౌకర్యం ఉండెను. 1984లో ఆరంభమైన 'హమ్ లోగ్'లో ప్రతి భాగం చివర అశోక్ కుమార్ కనిపించి, జరిగిన కథను గూర్చి ప్రేక్షకులతో మాటలాడేవాడు. 1987 జనవరి నుండి 1988 జూలై వరకు దూరదర్శన్‌లో సాగిన 'రామాయణ్' ఆదివారం ఉదయం వచ్చేది. మరునాడు కార్యాలయంలోనూ, పాఠశాలలోనూ అందరూ చూచినది అదే భాగం. రాబోవు భాగానికి ముందు వారం దినాల తీరిక ఉండేది. నేడు ధారావాహిక మొత్తం ఒక్కనాడే చేతికి వచ్చుచున్నది. ఒకరు పదవ భాగంలో ఉండగా మరొకరు రెండవ దానిలో ఉందురు. కథ బయటపడునేమోనని ఇద్దరూ నోరు మెదపరు. సమృద్ధి పెరిగినది, సంభాషణ తరిగినది.

అభిప్రాయభేదం కలహానికి దారితీయునని కొందరి భయం. భరతముని అట్లు భయపడలేదు. యువకులు శృంగారాన్ని, శూరులు రౌద్రాన్ని, వృద్ధులు పురాణకథలను మెచ్చుదురని, అభిరుచుల భేదం స్వభావసిద్ధమని నాట్యశాస్త్రం ఒప్పుకొన్నది. ప్రయోగం విషయమై వివాదం పుట్టినప్పుడు తీర్పు చెప్పుటకు ప్రాశ్నికులను నియమించినది. వారిలో నర్తకుడు, ఛందోవేత్త, శబ్దవేత్త, విలుకాడు, చిత్రకారుడు, గాయకుడు మొదలగువారు ఉన్నారు. ఎవరికి తెలిసిన విషయంలో వారి మాటకు విలువ. నచ్చుట అందరి హక్కు. నిర్ణయించుటకు మాత్రం కారణం కావలెను.

ఈ పాఠం తరగతి గదిలో చెప్పుటకు ఖర్చు లేదు. ఉపాధ్యాయుడు ఒక పాటను రెండుసార్లు వినిపించవలెను. మెచ్చినవాడు తనకు నచ్చిన తావును చూపవలెను. మెచ్చనివాడు మొదట ఎదుటివాని వాదాన్ని అతడు ఔననునట్లు తిరిగి చెప్పి, ఆ తరువాతనే ఖండింపవలెను. గురువు తన తీర్పును చివరకు దాచుకొనవలెను. ముందే చెప్పినచో పిల్లలు పాటను విడిచి గురువు ముఖాన్ని చదువుదురు.

ఆదివారాలలో ఆబిడ్స్ కాలిబాటలపై పరచిన పాత పుస్తకాల నడుమ పాత పత్రికలు కూడ దొరకును. ఒకనాటి సమీక్షకుడు కారణం చూపి వ్రాసిన నాలుగు వాక్యాలతో నేటి విద్యార్థి తగవు పడవచ్చును. కేవలం బాగున్నదని వ్రాసి ఊరుకొన్నవానితో తగవు పడుటకైనను ఏమున్నది?