స్వాధీనమన నేమి?

బాలలపై జరుగు నత్యాచారముల చిత్రములను దాచుకొనువానిపై మాకు లేశమైనను జాలి లేదు. అట్టివానిని ఏకాంతమున చూచుట నేరము కాదని మద్రాసు హైకోర్టు 2024 జనవరిలో కొట్టివేసిన కేసును సుప్రీంకోర్టు అదే సంవత్సరము సెప్టెంబరు 23న పునరుద్ధరించుట సమంజసమే. వస్తువు చేత లేకున్నను, దానిపై అధికారమును, ఆ యధికారమున్నదను నెరుకయు నున్నచో స్వాధీనమే యని యా తీర్పు సారము.

అయితే ఈ యెరుకను ఋజువు చేయుటెట్లు? ఇనుపపెట్టెకు తాళపుచెవి యొక్కటి; కంప్యూటరును ఇంటిల్లిపాదియు వాడుదురు. యజమాని కోరకయే బ్రౌజరు తాను చూపిన బొమ్మల నకళ్లను దాచుకొనును. దూరమున నున్న పరుడు సైతము చొరబడి ఫైలును పెట్టగలడు.

2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము, 63వ సెక్షను క్రింది ధ్రువపత్రములో హాష్ విలువను కోరుచున్నది. జప్తునాడే దానిని లెక్కించినచో తరువాత సాక్ష్యము మారలేదని తేలును. ఫైలును అక్కడ నెవ్వరుంచిరో యది చెప్పజాలదు.

పోక్సో చట్టపు 30వ సెక్షను దురుద్దేశము లేదని నిస్సంశయముగా ఋజువు చేయు భారమును ముద్దాయిపై మోపుచున్నది. అందుకు ముందు మూలాంశములను స్థాపింపవలసినది ప్రభుత్వమే. ఇందు ఏమరుపాటు కూడదని మా హెచ్చరిక. నిర్దోషి చిక్కిన చోట అసలు దోషి తప్పించుకొనును. అప్పుడు ద్రోహము జరుగునది మరల నా బాలలకే.