ఆశ కార్యకర్తకు మనసు వైద్యం కూడా నేర్పాలి

గచ్చిబౌలి: తుపాను వచ్చినా, వరద వచ్చినా సర్కారు రాసుకునేది కూలిన ఇళ్లు, కొట్టుకుపోయిన గొడ్లు, పోయిన ప్రాణాల లెక్క. బతికి బయటపడ్డవారికి రాత్రి నిద్ర పడుతున్నదా అని అడిగే ఫారం ఉండదు.

2020లో ఇక్కడి క్రీడాకారుల టవరును 1500 పడకల కరోనా ఆసుపత్రిగా మార్చిన సంగతి పాఠకులకు విదితమే. పడకల గురించి, ఆక్సిజన్ గురించి అందరూ మాట్లాడారు. అయినవారి కడచూపు కూడా దక్కని కుటుంబాల సంగతి ఎవరు చూడాలి? ఇంటింటికీ పెద్ద డాక్టరు పోలేడు. పోగలిగింది గడపగడపకూ తిరిగి జ్వరాల లెక్క రాసుకునే ఆశ కార్యకర్తే. "నిద్ర పడ్తలేదక్కా" అని ఇల్లాలు చెప్పుకునేదీ ఆమెతోనే.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. సహాయమంటే అప్పట్లో బియ్యం, బట్టలు, పాకలు. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు తరువాత మార్పు మొదలైంది. అక్కడ మానసిక వైద్యులు కరువు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌కు చెందిన డాక్టర్ ఆర్. శ్రీనివాసమూర్తి తదితరులు 1985లో సుమారు 50 మంది మామూలు వైద్యాధికారులకే ఈ పని నేర్పారు. 1999 ఒరిస్సా తుపాను, 2004 సునామీ నాటికి ఆ శిక్షణ ఊళ్లలోని కార్యకర్తల దాకా దిగింది. 2009లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇందుకు మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

నేర్పేది బ్రహ్మవిద్య కాదు. ముందు తిండి, నీళ్లు, తప్పిపోయినవారి కబురు చూడాలి. జరిగిందంతా చెప్పమని గుచ్చి గుచ్చి అడగరాదు. చెప్పుకుంటే వినాలి, ఏడిస్తే ఏడవనివ్వాలి. "నీకంటే కష్టపడ్డోళ్లు లేరా" అనడం మనవాళ్లకు అలవాటు. అది ఓదార్పు కాదు. నిద్రమాత్రలు పంచిపెట్టడం అంతకంటే తప్పు. చాలామంది కొన్ని వారాల్లో తమంత తామే తేరుకుంటారు. తేరుకోక పనికి పోలేకున్నా, తాగుడు ఎక్కువైనా, ఏ పరీక్షకూ అందని గుండెదడ, ఒళ్లునొప్పులు వేధిస్తున్నా డాక్టరుకు చూపాలి. చావాలనిపిస్తున్నదా అని సూటిగానే అడగాలి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అయితే ఒకపూట మీటింగు పెట్టి, చాయ్ బిస్కెట్లు ఇచ్చి, రిజిస్టరులో సంతకాలు తీసుకుంటే శిక్షణ అయిపోదు. విపత్తు రాకముందే నేర్పాలి, తరువాత నెలనెలా ఒక డాక్టరు వచ్చి కేసులు చూడాలి. వరదలో ఆశ కార్యకర్త ఇల్లు మాత్రం మునగదా? ఆమె గోడు వినే మనిషి కూడా ఉండాలి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. అద్దాల మేడలు కట్టే కూలీల్లో ఒడిశా, బీహార్ వాళ్లు ఎందరో. వారికి ఇక్కడ గడప లేదు, భాష రాదు. 2020 లాక్‌డౌన్‌లో నడిచి ఊరికి బయలుదేరింది ఇలాంటివారే. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్‌కు 14416 నంబరులో ఫోను చేస్తే పలు భాషల్లో సలహా దొరుకుతుంది. ఆ నంబరును లేబర్ క్యాంపు రేకుల మీద హిందీలో, ఒడియాలో రాయించడానికి ఒక డబ్బా రంగు చాలు.