వేసవిలో రెండు రోజులు తంజావూరులో

వేసవి సెలవులొస్తే కోవిల్‌పట్టి, విరుదునగర్ ఇళ్లలో ఒకటే వాదన. చల్లగా ఉంటుందని పెద్దలు కొడైకానల్ అంటారు. తొమ్మిదో తరగతి పిల్లలు చెన్నై మాల్స్ అంటారు. అమ్మో నాన్నో ఒకరు పిల్లవాణ్ణో పిల్లనో వెంటబెట్టుకుని వెళ్లాలనుకుంటే, తెలుగు బడి ఉపాధ్యాయులుగా మేం తంజావూరు వెళ్లమంటాం.

మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడి దాటితే తెలుగు అక్షరం కనబడటం అరుదు. దాంతో ఇది ఇంటి వరకే పనికొచ్చే భాష అనుకుంటారు. మేం ఎన్ని పాఠాలు చెప్పినా ఆ భావన పోదు, కళ్లారా చూడాలి.

నాయక రాజుల నాటి సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలున్నాయి. దగ్గర్లోని తిరువైయారులో, తెలుగులో కీర్తనలు కట్టిన త్యాగరాజు సమాధి ఉంది. ఆయన 1847లో కన్నుమూశారు. మేలట్టూరులో ఏటా నృసింహ జయంతికి భాగవత మేళం తెలుగులోనే ఆడతారు. అది సాధారణంగా మే నెలలో వస్తుంది. పంచాంగం చూసి తేదీ ఎంచుకోండి.

తిరుచ్చి వరకు రైలు, అక్కడి నుంచి బస్సు. ఎండ తీవ్రం కాబట్టి పెద్దగుడికి ఉదయమో సాయంత్రమో వెళ్లి, మధ్యాహ్నం మ్యూజియంలో గడపండి. టికెట్లు, ఖర్చుల లెక్క పిల్లలకే అప్పగించండి. ఒక పూట వాళ్లిష్టానికి వదిలేయండి.

తాళపత్రం ముందు మాత్రం మీరు చదివి వినిపించకండి. అక్షరాలు కూడబలుక్కుని వాళ్లనే చదవనివ్వండి.