వలపు పాటలో దేవుని పేరు

ఇచ్ఛాపురము ఆంధ్రదేశమునకు ఉత్తరపు గడప. ఊరి చెంత బాహుదానది పారుచున్నది. అంగడివీథిలో తెలుగును ఒడియాయును ఒకే నోట వినవచ్చును. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై సరిహద్దు ఏర్పడినది గాని, పాటలు ఆ గీతను లెక్కచేయలేదు. పొరుగున నున్న పర్లాకిమిడిలో గోపాలకృష్ణ పట్నాయకుడను కవి రాధాకృష్ణుల వలపును ఒడియాలో పాడెను. అంతకు ఎంతో పూర్వము, 12వ శతాబ్దిలో, జయదేవుడు సంస్కృతమున గీతగోవిందము రచించెను.

అందు 12 సర్గలు, 24 అష్టపదులు గలవు. రాధ అలుగును, కృష్ణుడు బ్రతిమాలుకొనును. కథ యింతే. అయినను 1499లో గజపతి ప్రతాపరుద్రుడు పూరీ జగన్నాథుని సన్నిధిని ఈ పాటలే పాడవలెనని శాసనము చేసెను. అట్లయిన నిది వలపు పాటయా, భక్తిగీతమా?

రాధ జీవాత్మ యనియు, కృష్ణుడు పరమాత్మ యనియు వ్యాఖ్యాతలు చెప్పిరి. ఆ యర్థము పొసగును. కాని అదియొక్కటే చాలుననుకొన్నచో, అలిగిన స్త్రీ దుఃఖము మన చెవిని పడదు. ముందుగా ఆ దుఃఖమును వినవలెను. తత్త్వము తరువాతి మాట.

అదే రాధను 18వ శతాబ్దిలో తంజావూరి ముద్దుపళని రాధికాసాంత్వనమను తెలుగు కావ్యమున చిత్రించెను. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దానిని అచ్చువేయించగా, అసభ్యమని పలువురు ఆక్షేపించిరి. 1911లో ఆంగ్లప్రభుత్వము దానిని నిషేధించెను. పురుషకవులు ఇట్టి వర్ణనలు చేసినప్పుడు లేని తప్పు ఇప్పుడెక్కడిదని నాగరత్నమ్మ అడిగెను. టంగుటూరి ప్రకాశము మదరాసు ప్రభుత్వమునకు నాయకుడగు వరకు ఆ నిషేధము తొలగలేదు. చదువరి తీర్పునుబట్టి ఒక కావ్యము గుడి కెక్కినది, మరియొకటి చెర కేగినది.

ఆధునికకవుల కడ ఈ చిక్కు వేరు రూపము దాల్చెను. దేవులపల్లి కృష్ణశాస్త్రి కావ్యము కృష్ణపక్షము 1925లో వెలువడినది. పేరు వినగానే వేణుగోపాలుడు తలపునకు వచ్చును. కాని కృష్ణపక్షమనగా బహుళపక్షము, పున్నమి వెనుక చంద్రుడు నానాటికి తరుగు కాలము. ఉద్దానపు కొబ్బరితోటలలో వసించువారికి ఇది చెప్పనక్కరలేదు: రాత్రిరాత్రికి వెన్నెల ఆలస్యముగా వచ్చును, వచ్చినను కొంచెమే వచ్చును. వియోగమున కింతకంటె తగిన గుర్తేది? కవి తన పేరులోని మాటయు అందే ఒదిగియున్నది.

ఇతడే తన ప్రేయసిని ఊర్వశి యని పిలిచెను. ఋగ్వేదము పదవ మండలమున ఊర్వశీపురూరవుల సంవాదము గలదు. ఆమె విడిచిపోవుచుండును, రాజు నిలువుమని వేడుకొనును. ఈ కథ ఎరిగినవానికి ఆ పిలుపులోనే ఎడబాటు వినిపించును. ఎరుగనివాడు అందగత్తె యని మాత్రము గ్రహించి సాగిపోవును.

పురాణనామముగాని, పూజలోని వస్తువుగాని వలపు పద్యమున కనబడినప్పుడు, దానిని తీసివేసి చూడుడు. ఏమియు తరుగనిచో అది ఒట్టి అలంకారము. రాయప్రోలు సుబ్బారావు తృణకంకణము నట్లు పరీక్షింపవచ్చును. చిన్ననాటినుండి ప్రేమించుకొన్న యిరువురు పెండ్లికి నోచుకొనక స్నేహితులుగనే నిలిచిపోవుట అందలి కథ. కంకణము పెండ్లిలోను వ్రతములోను దీక్షకై చేతికి కట్టునది. ఇచట నది గడ్డిపోచ. కంకణమునకు మారుగా గాజు అనినచో దీక్ష పోవును. తృణమునకు మారుగా పసిడి అనినచో వారికి దక్కని పెండ్లి మరుగుపడును.