నాలుగు చక్రాల బలం, డ్రైవరు ప్రాణం

2022లో జిల్లాగా ఏర్పడిన నంద్యాలలోనూ, ఆళ్లగడ్డ వైపూ కె.సి. కాలువ కింద నల్లరేగడి పొలాలే ఎక్కువ. తడిస్తే బంక, ఎండితే బండ. దమ్ము మొదలైతే వెనక చక్రాలతోనే నడిచే ట్రాక్టరు దిగబడడం మామూలే. అందుకే నాలుగు చక్రాలూ లాగే చిన్న ట్రాక్టరు మడిలో పనికొస్తుంది.

లివరు వేస్తే ఇంజను బలం ముందు చక్రాలకూ అందుతుంది. కానీ అదెప్పుడు వెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో కూలికి బండి నడిపేవానికి చెప్పేదెవరు?

బురదలోనూ, బరువుతో ఏటవాలు దిగేటప్పుడూ వెయ్యాలి. చాలా చిన్న ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. లివరు వేసివుంటే ముందు చక్రాలు కూడా బండిని ఆపుతాయి. తారురోడ్డు ఎక్కగానే తియ్యాలి. ముందు, వెనక చక్రాల నడకలో కొద్ది తేడా ఉంటుంది. బురదలో చక్రం జారి అది సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద టైర్లు అరుగుతాయి, గేర్లు నలుగుతాయి. చెప్పని పనికి ఆ నష్టం డ్రైవరు కూలిలో కోయడం అన్యాయమంటాం మేము.

నాలుగు చక్రాలు లాగినా బురద బురదే. దిగబడిన బండి వెనక చక్రాలకు దుంగ కట్టి లాగించవద్దు. చక్రం తిరగలేకపోతే ముందుభాగం పైకి లేచి, కన్నుమూసి తెరిచేలోగా బండి వెనక్కి బోల్తా కొడుతుంది. గొర్రు పైకెత్తి మెల్లగా వెనక్కి రావాలి. రాకుంటే ఇంకో బండితో లాగించాలి.

పని తొందర యజమానిది, పోయేది కూలివాని ప్రాణం. బోల్తా పడినా కాచే ఇనుపచట్రం, ముందుగా శిక్షణ, ప్రమాదమనిపిస్తే "ఇక నడపను" అనే హక్కు: ఈ మూడూ దమ్ముకు ముందే సంఘంగా అడిగి సాధించుకుందాం.