మంచము మీదనుండియే కంప్యూటరు నడుపుట
కాలుచేతులు పడిపోయినవారికి గల వీలు

మగ్గము ముందు కూర్చొనువానికి కాలు, చేయి, కన్ను మూడును కావలెను. కాలు చెక్కను తొక్కవలెను, చేయి నాడెను నడుపవలెను, కన్ను తెగిన పోగును పట్టవలెను. ప్రమాదవశమున మెడ యొద్ద వెన్నుపాము దెబ్బతిని మొదటి రెండును పోయినచో, ఆ మనిషి పని ముగిసినదని నిర్ణయించుకొనుట మన కుటుంబములలో వాడుకయైనది. అతని మంచము వెనుక గదిలోనికి పోవును. అతడు ఇరువది యేండ్లు నేర్చిన అంచుల లెక్కలు, రంగుల పాళ్ళు, ఖాతాల వివరములు అతనితోనే మూలపడును. ఈ నిర్ణయము తొందరపాటని తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము. కన్నొక్కటి మిగిలినను, నోరు మిగిలినను, తల కొంచెము కదలినను నేడు కంప్యూటరును నడుపవచ్చును.

కోలారు జిల్లావారికి ఇట్టి కష్టము క్రొత్త కాదు. 1880లో జాన్ టెయిలర్ కంపెనీవారు చేపట్టిన బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడువరకు, సుమారు మూడు కిలోమీటర్ల లోతున పనివారు రాళ్ళ నడుమ పాటుపడిరి. రాయి పగిలి మీదపడి ప్రాణములు పోయినవారును, అంగములు పోయినవారును అనేకులు. ఇప్పుడు గనులు లేవు. కాని చింతచెట్టునుండియు, మిద్దెనుండియు పడుటయు, రోడ్డుమీద మోటారు సైకిలు ప్రమాదములును వెన్నుపామునకు దెబ్బ తెచ్చుచునే యున్నవి.

ఒక్క మీటతో ఇంత పని యెట్లగును?

చేతివ్రేళ్ళన్నియు కావలసిన కంప్యూటరును ఒక్క చిన్న కదలికతో నడుపుట యెట్లని సందేహము కలుగవచ్చును. జాకార్డు ఎరిగిన మనవారికి దీనిని బోధించుట సులభము. అట్టలో రంధ్రమున్నచోట సూది లోనికి పోవును, కొక్కెము పైకి లేచును, పడుగు పోగు లేచును. రంధ్రము లేనిచోట పోగు క్రిందనే యుండును. ఉన్నది, లేదు అను రెండు మాటలతోనే మామిడిపిందె, హంస, దేవాలయపు అంచు అన్నియు నేయబడుచున్నవి. 1804లో ఫ్రాన్సు దేశమున జాకార్డుగారు ఈ పద్ధతిని నెలకొల్పిరి. రంధ్రముల అట్టలతో లెక్కించు యంత్రములను హోలరిత్ అనునాయన 1890 నాటి అమెరికా జనాభా లెక్కలకు వాడెను. నేటి కంప్యూటరు ఆ వంశములోనిదే. దాని లోపల జరుగునదంతయు ఉన్నది, లేదు అను రెండు మాటలే. కావున రోగి ఒక్క మీటను నొక్కుట, నొక్కకుండుట అను రెండింటితోనే దానితో మాటలాడగలడు.

అది యెట్లన, తెరమీద అక్షరములు వరుసలుగా నుండును. మొదట అచ్చుల వరుస వెలుగును, పిమ్మట కవర్గము, ఆపై చవర్గము, ఇట్లు ఒకదాని వెంట నొకటి వెలుగుచు పోవును. కావలసిన వరుస వెలిగినపుడు మీట నొక్కవలెను. అప్పుడు ఆ వరుసలోని అక్షరములు ఒక్కొక్కటిగా వెలుగును. కావలసిన అక్షరము రాగానే మరల నొక్కవలెను. రెండు నొక్కులతో ఒక అక్షరము పడినది. రెండు మూడు అక్షరములు పడగానే మాట యేమై యుండునో కంప్యూటరే ఊహించి చూపును. ఇది నిదానమైన పని. నిమిషమునకు కొద్ది మాటలే వచ్చును. అయినను గనిలోనివాడు గంటత్రాడు లాగి, పైనున్న ఇంజనువానిచేత తొట్టిని ఎత్తించుట, దింపించుట, ఆపించుట మన పెద్దలు చూచినదే. సంజ్ఞ చిన్నది, కదలినది పెద్ద యంత్రము.

ఇంగ్లాండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో 1944లో గుట్‌మన్ అను వైద్యుడు వెన్నుపాము దెబ్బవారికై ప్రత్యేక విభాగము తెరచెను. అక్కడనే 1960 ప్రాంతమున రెజ్ మేలింగ్ అనునాయన, గొట్టములోనికి ఊపిరి ఊది, పీల్చి, టైపు మిషనును నడుపు సాధనము తయారు చేసెను. దానికి 'పాసమ్' అని పేరు. లాటిను భాషలో 'నేను చేయగలను' అని అర్థము. శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగుగారు 1985లో గొంతు శస్త్రచికిత్సవలన మాట పోగొట్టుకొని, మొదట చేతి మీటతోను, చేయి పడిపోయిన పిదప చెంప కండరముతోను కంప్యూటరు నడిపి, 2018లో మరణించువరకు ఉపన్యాసములు, గ్రంథములు వ్రాసిరి.

ఏది మిగిలినవారికి ఏ సాధనము?

మణికట్టు పైకి లేచువారికి, అరచేతికి కట్టు పట్టీలో చిన్న పుల్లను దూర్చి ఇచ్చినచో మీటలు నొక్కగలరు. రెండు మీటలను ఒకేసారి నొక్కవలసిన చోట చిక్కు రాకుండ, విండోసులో షిఫ్టు మీటను అయిదుమార్లు నొక్కి 'స్టికీ కీస్' అను ఏర్పాటును తెరువవచ్చును. అపుడు ఒకదాని తరువాత నొకటి నొక్కిన చాలును.

మోచేయి మాత్రము వంగువారికి, చేతికి ఆసరా కట్టి ఇదే పుల్లను వాడవచ్చును. లేదా బంతిని దొర్లించు మౌసును చేతి వెనుకవైపుతోనో, గడ్డముతోనో నడుపవచ్చును.

మెడ పైభాగము మాత్రమే కదలువారు పంటితో పట్టు తేలిక పుల్లను వాడవచ్చును. టచ్ ఫోను తెరకు ఉత్త కర్రపుల్ల పనిచేయదు. అందుకు తగిన రబ్బరు కొన అమర్చవలెను. తల కదలికను కెమెరాతో చూచి బాణపు గుర్తును నడుపు ఈవయాకామ్, కెమెరా మౌస్ అను ప్రోగ్రాములు వెల లేకుండ దొరకును.

నోరు బాగుగా పలుకువారికి గొంతే చేయి. 2017 నుండి గూగులువారి సాధనము తెలుగు మాటను విని తెలుగులో వ్రాయుచున్నది. అయితే ప్రక్క గదిలో మగ్గమాడుచుండగా అది తప్పులు వ్రాయును. మైకును నోటి దగ్గర పెట్టవలెను. ఊపిరి తక్కువైనవారు చిన్న వాక్యములు చెప్పవలెను. బ్యాంకు రహస్య సంఖ్యలను మాత్రము పైకి పలుకరాదు.

చూపు మాత్రమే మిగిలినవారికి, కంటిపాప యెటు తిరిగినదో కెమెరాతో కనిపెట్టు యంత్రము గలదు. చూచిన అక్షరము మీదనే చూపు కొంచెము సేపు నిలిపినచో అది నొక్కినట్లగును. ఇది ముఖమునకు సుమారు రెండడుగుల దూరమున తిన్నగా నుండవలెను. ఎండ నేరుగా పడరాదు. 2017 నుండి విండోసులోను, 2024 నుండి ఆపిల్ ఫోనులలోను చూపుతో నడుపు ఏర్పాటు చేర్చబడినది. విడిగా కొను యంత్రము ఖరీదైనది. కావున ముందు ఇంట నున్న ఫోనుతోను, ఉచిత ప్రోగ్రాములతోను కొంతకాలము ప్రయత్నించి, పిమ్మట కొనుట మేలు.

మంచము, బల్ల, జాగ్రత్తలు

మగ్గమునకు పైన జాకార్డు నిలుపు వడ్రంగియే, మంచమునకు అడ్డముగా వంతెనవంటి బల్లను చేసి ఇయ్యగలడు. కాళ్ళు మంచము వెలుపల నేలపై గట్టిగా ఆనవలెను. తెర రోగి ముఖము మీద పడునట్లు వ్రేలాడదీయరాదు. కరెంటు పోయిన వేళకు ఇన్వర్టరు ఉండుట మంచిది.

అన్నిటికంటె ముందు అమర్చవలసినది పిలుపు గంట. రోగి తాకగల మీటకు గంట కట్టి, ఇంటివారు వినుదురో లేదో చూచుకొనిన పిదపనే తక్కిన పని.

స్పర్శ లేని తొడలమీద లాప్‌టాప్ పెట్టరాదు. దాని వేడికి చర్మము కాలినను రోగికి తెలియదు. తలవైపు ఎత్తుగా పెట్టి చాలసేపు ఉంచినచో శరీరము క్రిందికి జారి, నడుము క్రింద చర్మము ఒరిసి పుండ్లు పడును. మోకాళ్ళ క్రింద ముందు దిండు పెట్టి, పిమ్మట తల నెత్తవలెను. రెండు గంటల కొకమారు ప్రక్క మార్చవలెను. పని మధ్యలో నున్నదని దీనిని వాయిదా వేయరాదు. పడకపుండు ప్రాణము తీయగలదు.

మెడ, పైవెన్ను దెబ్బవారికి హఠాత్తుగా తలనొప్పి పుట్టి, ముఖము చెమటలు పోసినచో, రక్తపోటు పెరిగినదని గ్రహింపవలెను. వెంటనే కూర్చుండబెట్టి, బట్టలు వదులు చేసి, మూత్రపు గొట్టము బల్ల క్రింద నలిగినదేమో చూడవలెను. తగ్గనిచో ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

ఎవరిని అడుగవలెను?

కోలారువారికి బంగారుపేట మీదుగా కాట్పాడి రైలు గలదు. ఆ ప్రక్కనున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1966లో పునరావాస కేంద్రము వెలసినది. అందుకు మూలమైన మేరీ వర్గీసుగారు 1954లో కారు ప్రమాదమున కాళ్ళు పోగొట్టుకొనియు, చక్రాల కుర్చీలో కూర్చొని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిన వైద్యురాలు. బెంగుళూరులో 1959 నుండి అంగవికలుర సంఘము పనిచేయుచున్నది. ఏ కదలికకు ఏ సాధనము తగునో చెప్పగలవారు ఆక్యుపేషనల్ థెరపిస్టులు. కొనుటకు ముందు వారిని చూడవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము క్రింద ధ్రువపత్రమును, యూడీఐడీ కార్డును తీసికొనుట మరువరాదు. సహాయములకు అదియే ఆధారము.

ఇంతయు చేసినందున లాభమేమని అడుగువారుందురు. అంచు గ్రాఫును కంప్యూటరు తెరమీద గళ్ళు నింపి గీయుట, నూలు కొలతలు లెక్క కట్టుట, బేరగానికి జవాబు వ్రాయుట, పట్టుగూళ్ళ ధరలు విచారించుట, కూలి ఖాతా వ్రాయుట, ఇవి కాలు అవసరము లేని పనులు. కొన్ని కుటుంబములకు వీటి కూలి కొంత రావచ్చును, కొన్నిటికి రాకపోవచ్చును. కాని తన ఉత్తరము తాను వ్రాసుకొనుట, తన స్నేహితుని తానే పిలుచుకొనుట, ఇంటి ఖర్చులో తన మాట తాను చెప్పుట కూలితో కొలువదగినవి కావు.

కావున ఇట్టివారున్న ఇండ్లవారు, మొదట వారి శరీరమున కదలునది యేదో ఓపికతో కనిపెట్టి, ఏమి చేయ దలచుచున్నారో వారినే అడిగి, ఆపై సాధనము నమర్చవలెనని మా మనవి. పోగు తెగినదని మనము మగ్గమును విప్పి పారవేయము. చివర వెదకి, ముడి వేసి, నేత సాగింతుము.